ముద్ద దిగే దారి: గోదావరి డెల్టాలో పొగాకు, మద్యం, అన్నవాహిక క్యాన్సర్

గొంతు దిగువ నుంచి జీర్ణాశయం దాకా ఉండే కండర గొట్టమే అన్నవాహిక. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అన్నం ముద్దైనా, ముంతెడు కల్లైనా, చుట్ట పొగ కలిసిన ఉమ్మైనా మింగిందల్లా ఈ దారినే దిగాలి. లోపలి పొర నోటిలోని పొరలాంటిదే. చదునైన పొలుసుల్లాంటి కణాలు వరుస మీద వరుస పేర్చినట్టు ఉంటాయి. పొట్టలోని చాలా అవయవాలకు ఉన్నట్టు దీనికి బయట కప్పి ఉంచే గట్టి పొర లేదు. పైగా లోపలి పొర కిందనే లింఫు నాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. అందువల్ల ఇక్కడ పుట్టిన కణితి చిన్నగా ఉన్నప్పుడే గాలిగొట్టం వైపో, మెడ, ఛాతీ, పొట్టలలోని లింఫు గ్రంథుల్లోకో పాకిపోతుంది. ఈ జబ్బు ఇంత ప్రాణాంతకం కావడానికి సగం కారణం ఈ నిర్మాణంలోనే ఉంది.

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది 5 లక్షల 11 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, 4 లక్షల 45 వేల మంది దీనితో చనిపోయారు. భారతదేశంలో కొత్త రోగులు 70 వేలకు పైగా, మరణాలు 66 వేలకు పైగా. వచ్చినవాళ్ల లెక్కా పోయినవాళ్ల లెక్కా ఇంత దగ్గరగా ఉండే క్యాన్సర్లు తక్కువ.

దీనిలో ప్రధానమైనవి రెండు రకాలు, వాటిని కలిపి మాట్లాడితే విషయమంతా తారుమారవుతుంది. మొదటిది పొలుసు కణాల్లో పుట్టేది. ఎక్కువగా అన్నవాహిక పైభాగంలోనూ మధ్యభాగంలోనూ వస్తుంది. రెండోది గ్రంథి కణాల రకం, జీర్ణాశయం కలిసే చోట పుడుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో గత కొన్ని దశాబ్దాల్లో పెరిగింది రెండోది. దానికి ముఖ్య కారణాలు ఏళ్ల తరబడి ఆమ్లం పైకి ఎగదన్నడం, ఊబకాయం. పొగ తాగితే ఈ రకం ముప్పు కూడా దాదాపు రెట్టింపవుతుంది కానీ మద్యంతో దానికి సంబంధం కనిపించలేదు. ప్రపంచం మొత్తం మీద, అందులోనూ భారతదేశంలో, ఎక్కువగా వచ్చేది పొలుసు కణాల రకమే. పొగాకు, మద్యం రెండూ బలంగా పనిచేసేది దీని మీదే. ఈ సమీక్షలో అన్నవాహిక క్యాన్సర్ అన్నప్పుడల్లా ప్రధానంగా ఈ రకమనే అర్థం.

గోదావరి డెల్టాకు ఈ విషయంతో ఉన్న బంధం పాతది. వరద తగ్గాక నది నడుమ మిగిలే లంకల్లో, ఒండ్రు మట్టిలో పండే పొగాకుకు ఘాటు ఎక్కువ. లంక పొగాకు, దానితో చుట్టిన లంక చుట్ట రాష్ట్రం దాటి, సముద్రం దాటి పేరు తెచ్చుకున్నాయి. ఇంగ్లీషువాళ్లు ఆ చుట్టను లంక పేరుతోనే పిలిచారు. 1890లో కానన్ డాయిల్ రాసిన నవలలో షెర్లాక్ హోమ్స్ ప్రస్తావించే భారతీయ చుట్ట ఇదే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ మొదలైంది. 1965లో అది భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందికి వచ్చింది. ఉమ్మడి పశ్చిమగోదావరి మెట్టలోని తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు పండుతుంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వేలం కేంద్రాలు ఆ పంట మీదే నడుస్తున్నాయి. బ్యారన్లలో ఆకు కాల్చే రైతుకూ, లంకలో నారు వేసే కౌలుదారుకూ ఇది బతుకుతెరువు. ఆ మాట మరిచిపోయి పొగాకు గురించి రాయడం న్యాయం కాదు. అయితే పండించేవాడి కష్టం వేరు, పీల్చేవాడి గొంతుకు జరిగే హాని వేరు. మొదటిది చూపించి రెండోదాన్ని దాచకూడదు.

ఈ ప్రాంతంలో పొగాకు వాడే తీరులు ఒకటి రెండు కావు. 2016-17లో జరిగిన దేశవ్యాప్త వయోజన పొగాకు సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెద్దల్లో ఐదోవంతు మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. పాత తరం చేతిలో చుట్ట, కూలీ చేతిలో బీడీ, కుర్రవాళ్ల చేతిలో సిగరెట్టు. వీటికి తోడు ఖైనీ, జర్దా కిళ్ళీ, గుట్కా. గుట్కా మీద నిషేధం ఉత్తర్వుల్లో ఉండి పదేళ్లు దాటింది, కిళ్ళీ బడ్డీల్లో దాని జాడ మాత్రం పోలేదు. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక 2016 నుంచి కనిపిస్తోంది. విడిగా అమ్మే చుట్టకు అలాంటి హెచ్చరిక వేయడానికి చోటే లేదు.

చుట్ట గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఈనె తీసిన ఆకును తడిపి, లోపల ముక్కాకు పెట్టి, ఏటవాలుగా బిగించి చుడతారు. తాగేటప్పుడు చివర నోట్లో నానుతూనే ఉంటుంది. ఆరి మళ్లీ వెలిగే చుట్ట గంటల తరబడి పెదాల మధ్యే ఉండిపోతుంది. చుట్ట తాగేవాళ్లు చాలామంది, పొగ గుండెల్లోకి పీల్చం కాబట్టి తమకు ఏమీ కాదని గట్టిగా నమ్ముతారు. ఊపిరితిత్తుల వరకు ఆ మాటలో కొంత నిజం ఉంది. అన్నవాహిక విషయంలో ఆ మాట బొత్తిగా చెల్లదు. గాలికి ఆరబెట్టిన నల్ల పొగాకు పొగకు క్షారగుణం ఉంటుంది. లోపలికి పీల్చకపోయినా అందులోని నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. పొగలోని మిగతా విషాలు ఉమ్మిలో కలిసి, మింగిన ప్రతిసారీ అన్నవాహిక గోడను తడుపుతూ దిగుతాయి. సిగార్లు మాత్రమే తాగే పాశ్చాత్యుల్లో కూడా నోటి, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలడానికి కారణం ఇదే. బీడీకీ మినహాయింపు లేదు. బీడీలో పొగాకు తక్కువ, కానీ ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. బీడీ వల్ల నోటికీ, గొంతుకూ, ఊపిరితిత్తులకూ వచ్చే క్యాన్సర్ల జాబితాలో అన్నవాహిక కూడా ఉంది.

కోస్తాలో ఇంకొక వాడుక ఉంది, అడ్డపొగ. మండే కొసను నోట్లో పెట్టుకుని తాగడం. ఇది ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఎక్కువ. 1945లోనే బొంబాయి పరిశోధకుడు ఖనోల్కర్ చుట్టకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ప్రకటించాడు. 1957లో విశాఖపట్నం వైద్యులు కోస్తాంధ్ర అడ్డపొగ మీద రాశారు. ఉత్తరాంధ్ర గ్రామాల్లో 10,169 మందిని పరీక్షించి డెన్మార్క్ దంతవైద్య పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ వాడుకను ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కించింది. ఆ అధ్యయనాలు చూసింది అంగిలిని. అక్కడ జరిగే హాని నోటితో ఆగుతుందని మాత్రం వాటి అర్థం కాదు. నోరు, గొంతు, అన్నవాహిక ఒకే పొర కొనసాగింపు. ఒక మడికి చీడ పట్టిందంటే గట్టు అవతలి మడిని కూడా చూడాలని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1953 నుంచి క్యాన్సర్ శాస్త్రం కూడా ఇదే మాట చెబుతోంది. పొగాకు, మద్యం తగిలిన పొర అంతా ఒకేసారి చెడుతూ వస్తుంది, అందులో ఒకచోట ముందు కణితి లేస్తుంది. నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొన్నేళ్లకు అన్నవాహికలో రెండో క్యాన్సర్ కనిపించడం అందుకే కొత్త కాదు.

పొగాకులోని ఏ పదార్థం ఈ పని చేస్తుందన్నది చాలావరకు తేలింది. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు ఆకు ఎండేటప్పుడు, పులిసేటప్పుడు, కాలేటప్పుడు పుడతాయి. అందులో ఎన్‌ఎన్‌ఎన్ అని పిలిచేదాన్ని ఎలుకలకు ఇస్తే అన్నవాహికలో కణితులు లేచాయి. పొగలోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు కణంలోని డీఎన్‌ఏకు అతుక్కుని మార్పులు తెస్తాయి. కణాన్ని అదుపులో ఉంచే పీ53 అనే జన్యువు ఈ క్యాన్సర్‌లో చాలా తరచుగా చెడిపోయి ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నమిలే పొగాకును కూడా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణంగా 2009లో నిర్ధారించింది. పొగ లేదు కదా అని ఖైనీ వైపు మళ్లినవాడు ఈ రోగం నుంచి తప్పించుకున్నట్టు కాదు. పొగాకు వేయని వక్క, కిళ్ళీ మీద కూడా అదే నిర్ధారణ ఉంది. ఈ మాట వినడానికి చాలామందికి కష్టంగా ఉంటుంది. భోజనం తరువాతి తాంబూలం మన మర్యాదలో భాగం. అరుదుగా వేసుకునే తాంబూలం వేరు, దవడలో పొద్దంతా వక్కపొడి ఉంచుకోవడం వేరు.

పొగ తాగేవారికి ఈ క్యాన్సర్ ముప్పు ఎంత పెరుగుతుందన్నది దేశాన్ని బట్టి, ఎన్నేళ్లు, ఎంత తాగారన్నదాన్ని బట్టి మారుతుంది. రెండు మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా లెక్కలు వచ్చాయి. లెక్క ఏదైనా అది ఒక్క దిక్కునే చూపిస్తుంది.

ఇక మద్యం. డెల్టాలో తాటికల్లు, కొబ్బరికల్లు, ఈతకల్లు, బెల్లం ఊట వండి తీసే నాటుసారా, షాపులో దొరికే బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ ఉన్నాయి. కల్లు చెట్టు నుంచి వచ్చేది కాబట్టి మంచిదనే మాట ఊళ్లలో వినిపిస్తుంది. లొట్టిలో పడ్డ క్షణంలో అది తియ్యటి నీరా, నిజమే. కుండకు అంటుకుని ఉన్న ఈస్టు వల్ల కొన్ని గంటల్లోనే పులుస్తుంది. అప్పటికి దానిలో నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది. కల్లులోని ఇథనాలూ, ఖరీదైన విస్కీలోని ఇథనాలూ ఒకటే. అన్నవాహికకు వాటి మధ్య తేడా తెలియదు. లెక్కించవలసింది పేరును కాదు, గ్రాములను.

ఆ లెక్క కష్టమేమీ కాదు. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 42.8 శాతం. బరువులోకి మారిస్తే దాదాపు 61 గ్రాములు. ‘నైంటీ’ అంటే 30 గ్రాములు. లీటరు కల్లులో, అయిదు శాతం అనుకుంటే, సుమారు 39 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతమైతే 41 గ్రాములు. పరిశోధకులు రోజుకు 50 గ్రాములు దాటితే అతిగా తాగడం కింద లెక్కిస్తారు. రోజూ ఒక్క క్వార్టర్‌తో ఆగిపోయేవాడు, తాను మితంగా తాగుతున్నాననుకునేవాడు, ఆ లెక్కలో అతి వర్గంలోనే ఉంటాడు. వందల అధ్యయనాలను కలిపి 2015లో ప్రచురించిన విశ్లేషణలో అతిగా తాగేవారికి పొలుసు కణాల అన్నవాహిక క్యాన్సర్ ముప్పు దాదాపు అయిదు రెట్లుగా తేలింది. రోజుకు 12.5 గ్రాముల లోపు తాగేవాళ్లకు కూడా అది నాలుగోవంతు మేర పెరిగింది. ఫలానా కొలత దాకా భయం లేదనే గీత ఈ క్యాన్సర్ విషయంలో ఎక్కడా దొరకలేదు.

మద్యం పనిచేసే తీరు పొగాకుకు భిన్నం. ఒంట్లోకి వెళ్లిన ఇథనాల్ మొదట అసిటాల్డిహైడ్‌గా, ఆ తరువాత హాని లేని అసిటేట్‌గా మారుతుంది. మధ్యలోని అసిటాల్డిహైడ్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఇది కాలేయంలోనే పుడుతుందనుకుంటే పొరపాటు. నోట్లో ఉండే బాక్టీరియా కూడా దీన్ని తయారుచేస్తాయి. తాగిన తరువాత ఉమ్మిలో దీని మోతాదు రక్తంలో కంటే చాలా ఎక్కువగా ఉంటుంది, ఆ ఉమ్మి మళ్లీ అన్నవాహికలోకే దిగుతుంది. పళ్లు శుభ్రం లేనివాళ్లలో, పొగ తాగేవాళ్లలో ఈ ఉత్పత్తి ఎక్కువ. జపాన్, చైనా, కొరియా ప్రజల్లో చాలామందికి అసిటాల్డిహైడ్‌ను విరిచే ఎంజైమ్ పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. రెండు గుటకలకే వాళ్ల ముఖం ఎర్రబడుతుంది. అలాంటివాళ్లు తాగడం మానకపోతే ఈ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. తెలుగువాళ్లలో ఈ జన్యుమార్పు అరుదు. ముఖం ఎర్రబడకపోవడం రక్షణ కాదు, హెచ్చరిక అందకపోవడం మాత్రమే. మద్యాన్ని 1988లోనూ, తాగినప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్‌ను 2009లోనూ అంతర్జాతీయ సంస్థ ఖాయమైన క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

దీనికి పోషకాహారం కోణం కూడా ఉంది. మద్యం ఫోలేట్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కణం డీఎన్‌ఏను సక్రమంగా కట్టుకోవాలంటే ఫోలేట్ కావాలి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నది ఈ నేల గుర్తుంచుకోవలసిన విషయం. ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలేట్ పుష్కలం. రాత్రి తాగి, కూర లేకుండా రెండు ముద్దలు మింగి, ఒక్కోసారి అదీ లేకుండా పడుకునే కూలీకి అది అందదు. పండ్లు, కూరలు తక్కువ తినేవాళ్లలో ఈ క్యాన్సర్ ఎక్కువని చాలా దేశాల అధ్యయనాలు చూపించాయి. పేదవాడి గొంతును మద్యం రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తుంది.

ఆంధ్రప్రదేశ్ మద్యం విధానం ఊగిసలాట అందరికీ తెలిసిందే. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో దాన్ని ఎత్తేశారు. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు ఇచ్చింది. క్యాన్సర్ కోణంలో చూస్తే ఈ మార్పులన్నిటిలోనూ ఒక లోపం ఉంది. చర్చంతా ఆదాయం, సంసారాలు, కల్తీ చుట్టూనే తిరిగింది. ఆడవాళ్లు పోరాడింది కూలి డబ్బు కోసం, ఒంటి మీద దెబ్బలు ఆగడం కోసం. అది నూటికి నూరుపాళ్లు సరైన పోరాటం. కానీ కల్తీ లేని మందు కూడా అన్నవాహికను తినేయగలదన్న మాట ఊరి చర్చల్లోకి రాలేదు. మంచి సరుకు అనే మాటతో చాలామంది తమను తాము ఓదార్చుకున్నారు.

ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం, రెండు అలవాట్లూ కలిస్తే జరిగేది. దీన్ని మొదట స్పష్టంగా చూపినవాళ్లలో ఫ్రాన్సులో పనిచేసిన పరిశోధకుడు టుయిన్స్ ముఖ్యుడు. బ్రిటనీ ప్రాంతంలోని ఒక జిల్లాలో 200 మంది రోగులను, రోగం లేని ఏడు వందల పైచిలుకు మందితో పోల్చి 1977లో ప్రకటించిన ఫలితాలు ఇప్పటికీ వ్యాధి గణాంకశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. మద్యం ముప్పు, పొగాకు ముప్పు ఒకదాని పక్కన ఒకటి చేరడం లేదు, ఒకదానితో ఒకటి హెచ్చవేసుకుంటున్నాయని ఆ లెక్కలు చెప్పాయి. రెండూ ఎక్కువగా వాడినవాళ్లలో ముప్పు పదుల రెట్లకు చేరింది. సులువుగా అర్థం కావడానికి ఒక ఊహా లెక్క: ఏ అలవాటూ లేని వెయ్యి మందిలో ఇద్దరికి ఈ జబ్బు వస్తుందనుకుందాం. పొగ ఒక్కటే ఉంటే మూడు రెట్లు, అంటే ఆరుగురు. మందు ఒక్కటే ఉన్నా ఆరుగురు. రెండూ ఉంటే కూడిక ప్రకారం పదిమంది కావాలి. హెచ్చవేత ప్రకారం పద్దెనిమిది మంది. ఆ అదనపు ఎనిమిది మందీ పొగ వల్ల మాత్రమే కాదు, మందు వల్ల మాత్రమే కాదు, రెండూ కలిసినందువల్ల రోగులయ్యారు. అందులో ఏ ఒక్క అలవాటు లేకపోయినా ఆ ఎనిమిది మందికీ జబ్బు వచ్చేది కాదు.

కారణం కణస్థాయిలోనే ఉంది. మద్యం అన్నవాహిక పొరను వదులు చేస్తుంది, పొగాకు విషాలు దానిలో కరిగి లోతుకు దిగుతాయి. మద్యం వల్ల ఉత్తేజితమయ్యే కొన్ని ఎంజైములు నైట్రోసమైన్లను మరింత చురుకైన విషంగా మారుస్తాయి. పొగ వల్ల నోటి బాక్టీరియా మారి ఎక్కువ అసిటాల్డిహైడ్ పుట్టిస్తుంది. ఒకటి తలుపు తీస్తే రెండోది లోపలికి వస్తుంది. డెల్టాలో ఈ రెండు అలవాట్లూ విడివిడిగా ఉండటమే తక్కువ. చేలో పని దిగాక మందు, మందుతోపాటు చుట్టో సిగరెట్టో. మందు దగ్గర పొగ ఎక్కువవుతుందని తాగేవాళ్లే చెబుతారు.

తెలుగువాళ్లకు దగ్గరగా ఉన్న సాక్ష్యం చెన్నై, తిరువనంతపురాల నుంచి వచ్చింది. ఆ రెండు నగరాల్లో 1993-99 మధ్య చేరిన మగ రోగుల మీద 2003లో ప్రచురితమైన పరిశోధనలో 566 మంది అన్నవాహిక క్యాన్సర్ రోగులున్నారు. పొగ, నమిలే పొగాకు, మద్యం మూడూ విడివిడిగానూ కలిసీ ముప్పు పెంచుతాయని అందులో తేలింది. నమలడం ఒక్కటే నోటి క్యాన్సర్ ముప్పును అయిదు రెట్లు, అన్నవాహిక ముప్పును రెండు రెట్లు చేసింది. ఆహారంలో, అలవాట్లలో తమిళనాడు, కేరళ తీరాలకూ గోదావరి తీరానికీ పోలికలు ఎక్కువ. ఫ్రాన్సు లెక్క దూరమనుకునేవాళ్లకు ఈ లెక్క దగ్గరిది.

అన్నవాహిక క్యాన్సర్ అంతా ఈ రెండింటి వల్లే వస్తుందని చెప్పడం కూడా సరికాదు. ఇరాన్ ఈశాన్యం నుంచి మధ్య ఆసియా మీదుగా ఉత్తర చైనా దాకా ఈ జబ్బు మరీ ఎక్కువగా ఉండే పట్టీ ఒకటి ఉంది. అక్కడ మద్యం, పొగాకుల పాత్ర చిన్నది. నల్లమందు, మరిగే టీ, పేద ఆహారం పెద్దవి. మన దేశంలో కశ్మీర్‌లోనూ, మేఘాలయ, అస్సాంలలోనూ ఈ జబ్బు ఎక్కువ. మేఘాలయలో పచ్చి వక్క నమిలే అలవాటు దానికి తోడు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని 2016లో అంతర్జాతీయ సంస్థ తేల్చింది. టీ కొట్టు దగ్గర గ్లాసును ఊదుకుని, ఒక నిమిషం ఆగి తాగితే చాలు. చైనాలో బూజు పట్టించి నిల్వ చేసే కూరల మీద అనుమానం ఉంది కానీ ఆవకాయ మీద అలాంటి ఆధారం లేదు. చిన్నప్పుడు యాసిడ్ మింగి అన్నవాహిక కాలినవాళ్లు, దాని కింది కవాటం తెరుచుకోని జబ్బు ఉన్నవాళ్లు, ఇనుము లోపంతో మింగడం కష్టమయ్యే ఆడవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. అలవాట్లేమీ లేని ఇల్లాలికి ఈ జబ్బు వస్తే ఆమె మీద నింద వేయడానికి ఎవరికీ హక్కు లేదు.

‘మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగాడు, ఏమీ కాలేదు’ అనే మాట ప్రతి ఊళ్లోనూ ఉంది. నిజమే కావచ్చు. పై ఊహా లెక్కలో రెండు అలవాట్లూ ఉన్న వెయ్యిమందిలో 982 మందికి ఈ జబ్బు రాలేదు. తాత వాళ్లలో ఒకడు. అరవై దాటకుండా పోయిన మిగతావాళ్ల గురించి మనవలు చెప్పరు, ఎందుకంటే వాళ్లలో చాలామందిని మనవలు చూడనే లేదు. అన్నవాహిక తప్పినా గుండె, ఊపిరితిత్తులు, కాలేయం ఉన్నాయి.

మానేస్తే ఏమవుతుందన్నది ఈ సమీక్షలో ఆశ కలిగించే భాగం. పొగ మానినవారిలో అయిదేళ్లు దాటేసరికి పొలుసు కణాల క్యాన్సర్ ముప్పు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది, పదేళ్లు దాటితే ఇంకా తగ్గుతుంది. చెన్నై, తిరువనంతపురం అధ్యయనంలో రెండు నుంచి నాలుగేళ్ల కిందట మానినవాళ్లలో కూడా తగ్గుదల కనిపించింది. మద్యం మానితే ముప్పు నెమ్మదిగా దిగుతుంది, పదేళ్లకు పైన పడుతుంది. మానిన మొదటి ఏడాది రెండేళ్లలో కొన్ని లెక్కల్లో ముప్పు పెరిగినట్టు కనిపిస్తుంది. మానడం వల్ల జబ్బు వచ్చిందని దాని అర్థం కాదు. ముద్ద దిగక, ఒళ్లు పాడై మానినవాళ్లు ఆ లెక్కలో చేరడమే కారణం. రెండూ ఒకేసారి మానలేనివాడు ఒక్కటి మానినా హెచ్చవేత తెగిపోతుంది. పొగాకు మానడానికి 1800-11-2356 నంబరులో, మద్యం మానడానికి 14446 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ రావచ్చు. వాళ్లు డాక్టరును కలిసే ఆపాలి.

జబ్బు పైకి కనిపించేసరికి అన్నవాహిక గొట్టం సగానికి పైగా పూడి ఉంటుంది. మొదట గట్టి ముద్ద ఆగుతుంది. ‘గుండెల దగ్గర అడ్డం పడుతోందండి’ అంటారు. నీళ్లు తాగితే దిగుతుంది కాబట్టి కొన్నాళ్లు నీళ్లతో నెట్టుకొస్తారు. మాంసం ముక్క మానేస్తారు, తరువాత వేపుడు మానేస్తారు, ఆనక పెరుగన్నం పిసికి మింగుతారు, చివరికి జావకు దిగుతారు. ఇంట్లోవాళ్లు వయసు వల్ల తిండి తగ్గిందనుకుంటారు. ఈలోగా చొక్కా వదులవుతుంది. గొంతు బొంగురుపోతే స్వరతంత్రుల నరం దాకా కణితి వచ్చినట్టు కావచ్చు. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారి దగ్గు తెరలు వస్తే గాలిగొట్టంలోకి దారి పడి ఉండవచ్చు. ఎక్కువ కాలం వృథా అయ్యేది గ్యాస్ బిళ్లలు మింగడంలో, దిష్టి తీయించడంలో.

నిర్ధారణకు ఎండోస్కోపీ తప్పదు. గొంతుకు మత్తు చల్లి, వేలెడు మందం కూడా లేని గొట్టాన్ని నోటి గుండా పంపి చూస్తారు, ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కంటికి తేడా తెలియని తొలి దశ మచ్చలను కనిపెట్టడానికి అయోడిన్ ద్రావణం చల్లే పద్ధతి ఉంది. ఆరోగ్యంగా ఉన్న పొరలోని గ్లైకోజెన్ అయోడిన్‌ను పట్టుకుని ముదురు గోధుమ రంగుకు మారుతుంది. చెడిన చోట ఆ రంగు పట్టదు. గోధుమరంగు గోడ మధ్య పాలిపోయిన మచ్చలా మిగిలిపోతుంది. ఆ దశలో దొరికితే పైపొరను ఎండోస్కోపీతోనే గీసి తీసేయవచ్చు, కోత అవసరం లేదు. నోటి, గొంతు క్యాన్సర్‌కు చికిత్స పొందినవాళ్లకు ఈ పరీక్ష చేయించడం చాలా అవసరం.

ముదిరాక చికిత్స పెద్దది. మందులు, రేడియేషన్ ముందుగా ఇచ్చి, తరువాత అన్నవాహికను తీసేసి, జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి ఛాతీలోకి లాగి కలుపుతారు. 2012లో ప్రచురితమైన డచ్చి పరీక్షలో శస్త్రచికిత్స ఒక్కటే జరిగినవారిలో సగం మంది 24 నెలలు బతికితే, ముందు మందులు, రేడియేషన్ తీసుకున్నవారిలో సగం మంది 49 నెలలు బతికారు. కత్తికి అందనంత పాకితే మింగడానికి దారి ఉంచే స్టెంటు, నొప్పి తగ్గించే వైద్యం ఉంటాయి. ఇవి కూడా చికిత్సే, చేతులెత్తేయడం కాదు. గోదావరి జిల్లాల వాళ్లకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరలో ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి.

నలభై దాటి, చుట్టో బీడీయో సిగరెట్టో ఖైనీయో వాడుతూ, మందు కూడా తాగేవాళ్లకు ముద్ద రెండు వారాల పాటు అడ్డం పడితే, నీళ్లతో నెట్టుకురాకుండా ఎండోస్కోపీ చేయించాలి. పరీక్షకు పట్టేది పది, పదిహేను నిమిషాలు.